కింద నించి

మినిట్స్ పుస్తకం తెరిచాను.
పోయినేడు చివరి పేజీకి అంటుకుపోయిన చీమ ఒకటి.
కోరం చాలనప్పుడు
అదొక్కటే హాజరైనట్టుంది.

చిన ఓబినేనిపల్లె, పంచాయతీ ఆఫీసు వరండా.
ఫ్యాన్లు మూడు, తిరిగేది ఒకటి.
రాత్రంతా పొగాకు బ్యారన్‌లో కట్టెలు ఎగదోసినవాళ్ళు
కళ్ళు నులుముకుంటూ గోడకానుకున్నారు.
కుర్చీలో సర్పంచి పద్మావతి,
కుర్చీ వెనక ఆమె భర్త.
ఆమె నోరు తెరిచేలోపే ఆయనకు దగ్గొస్తుంది.

వచ్చిన నిధులు పదకొండు లక్షల నలభై వేలు.
కరెంటు బాకీ కింద కోసుకున్నది పోను
ఆరు లక్షల పది.
రెండుసార్లు చదివాను,
చదివితే పెరుగుతుందని కాదు,
వెనక వరసకు వినపడలేదన్నారు.

ఊరి మొగదల ఆర్చి కట్టాలన్నాడు ఒకాయన,
పేర్లు చెక్కే రాయి తనే ఇస్తాడట,
చీమకుర్తిలో బావమరిదికి క్వారీ.
"ఆర్చి కింద ఏం మోసుకొస్తామబ్బయా, ఖాళీ బిందెలా?"
మంచినీళ్ళ మిషనుకు ఫిల్టర్లు మార్చి రెండేళ్ళయిందని
వెంకటసుబ్బయ్య నిలబడే చెప్పాడు,
వంకర్లు పోయిన కాళ్ళతో
కూర్చుంటే మళ్ళీ లేవలేడు గనక.
బడికి ప్రహరీ. వీధి బల్బులు.
పశువుల తొట్టి: అడిగిన మాలకొండయ్యకు పశువుల్లేవు,
పోయినేడు పామూరు సంతలో అమ్మేశాడు,
అయినా అడిగాడు.
మురుగు కాలవ పూడిక.

ఎవరు ముందు అరిస్తే వాళ్ళది ఒకటి.
రాస్తూ పోయాను.

"ఏడో నంబరు మాదేగా సారూ, ఈ యేడు గూడా?"
కాలనీ నించి మార్తమ్మ, చంకలో గొడుగు.

పుస్తకం వెనక్కి తిప్పాను.
పోయినేడు ఏడు: కాలనీ శ్మశానానికి వాగు మీద చప్టా.
అంతకు ముందేడూ ఏడే.
దానికి ముందు, వేరే సెక్రటరీ చేతిరాతలో,
వెలిసిపోయిన నీలం ఇంకులో, ఏడు.
మొన్న అక్టోబరు ముసురులో
ఆమె పెనిమిటిని నడుంలోతు నీళ్ళలో దాటించారు,
పెట్టె తలలమీదికెత్తి, నలుగురు.
ఒకడి చెప్పు కొట్టుకుపోయింది.
మా పుస్తకంలో తీర్మానాలుంటాయి,
నీళ్ళ లోతుండదు.

"బతికినోళ్ళకు నీళ్ళు ముందా, పోయినోళ్ళకు దారి ముందా?"
అన్నాడు సర్పంచి భర్త.
న్యాయమైన మాటే. అదే చిక్కు.
అందరూ వెంకటసుబ్బయ్య కాళ్ళు చూశారు.
ఆయనా చూసుకున్నాడు.

"ఆ మిషను నీళ్ళే మేమూ తాగేది, వద్దంటానా.
ఒక్కటే అడుగుతన్నా సారూ.
ఈ యేడు కింద నించి చదవండి.
మా ఏడుతో మొదలుపెట్టి పైకి పోండి,
డబ్బు యాడ అయిపోద్దో ఆడ ఆపండి.
ఇన్నేళ్ళూ పై నించి చదివి ఆపలా?"

భర్తకు దగ్గొచ్చింది.
పద్మావతి వెనక్కి తిరిగి చూసింది, అంతే.
దగ్గు ఆగింది.
"చదవండి సారూ" అంది.

చప్టా. పూడిక. తొట్టి. బల్బులు. ప్రహరీ.
ఫిల్టర్ల దగ్గరికొచ్చేసరికి
ముప్పై రెండు వేలు తక్కువ.

ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను మాత్రం కిర్రుమంది.
మాలకొండయ్య తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.
"నా తొట్టి కొట్టేయండి. నలభై వేలు గదా అది.
తాగేదానికి గొడ్లు యాడున్నాయి."

కొట్టేశాను. గీత కొంచెం వంకరపోయింది.
ఆర్చి పైన ఒక్కటీ మిగిలింది,
రాయి ఇస్తానన్నాయన అప్పటికే బండి స్టార్టు చేశాడు.

మిగులు ఎనిమిది వేలు.
దాన్నేం చేయాలని మళ్ళీ గొడవ మొదలైంది,
వినాయకుడి పందిరికని ఒకరు, మైకుసెట్టుకని ఇంకొకరు.

మార్తమ్మ ఆగలేదు.
సంతకం పెట్టింది, వేలిముద్ర అక్కర్లేదంది,
ఒక్కో అక్షరం దగ్గర పెన్ను ఎత్తి, మళ్ళీ ఆనించి.
గొడుగు ఎండకు విప్పుకుని
వాగులోకి దిగింది.
చుక్క నీరు లేదు, గులకరాళ్ళూ మేకల పెంటికలూ.
నడిమధ్యకు వచ్చాక
కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకుంది.