తొమ్మిది ఓల్టులు

కాలిన మోటర్ల కడుపుల
మళ్ల రాగితీగ సుట్టెటోణ్ణి నేను.
కల్వకుర్తిల, అచ్చంపేట రోడ్డు మీద
బోర్డు మీది పేరు ఎండకు ఎలిసిపోయింది గని
బోర్లున్న ప్రతి ఊరికి నా దుకాణం ఎరికే.

మార్చి నెలొస్తే వార్నిష్ వాసన.
ఆ వాసన ఎన్కనే అది వస్తది.
ముందుగాల కుడికంట్ల వంకరటింకర ఎలుగు,
అద్దాలు లేకుంట వెల్డింగ్ సూసినట్టు.
అటెన్క సగం తలకాయ నాది కాదు.
ఖాళీ తారుడబ్బల తలవెట్టి పండుకుంటే
మీదికెంచి ఎవడో సుత్తెతోని కొడ్తున్నట్టు.
గిరాకొస్తే బల్ల కిందికెంచే జవాబిస్త:
"రేపు రా తమ్మీ."

మా అవ్వకు గూడ ఇదే నొప్పి.
ఆమె కణత మీద సెనిగగింజంత మచ్చ,
పసుపుకొమ్ము కాల్చి పెట్టిన సురుకు.
నొప్పికి నొప్పే మందు బిడ్డా, అనేది.
సురుకు మానింది. నొప్పి మానలే.

పాలమూరు పెద్దాసుపత్రిల
కసరత్తులు చెప్పే పిల్ల, సఫియా,
అరచేతిల పట్టే డబ్బ సూపిచ్చింది.
"ఇంట్లనే సన్నగ కరెంటు ఇచ్చుకో మామా,
ఓర్సుకునేటంతనే. పంతానికి పోకు."
నవ్విన.
కరెంటు సంగతి నాకు చెప్తున్నవా తల్లీ?
ముప్పై ఏండ్లల మూడుసార్లు అది నన్ను గోడకేసి కొట్టింది.
ఎడమచేతి చిటికెనవేలికి
ఇప్పటికీ సల్లన తెల్వది, ఏడి తెల్వది.

నవ్వినగని, డబ్బ తెచ్చి నెలరోజులు తాకుడు ముట్టలే.

ఎందుకంటే జంగిలప్ప.
యాసంగిల, నట్టనడి రాత్రి,
మడికాడ తడిసేతితోని స్టార్టరు ముట్టిండు.
పదిహేనో దినం ఆయన భార్య నాగమణి
అదే మోటరు ఆటోల ఏస్కొచ్చింది.
"జెర జల్ది సుట్టియ్యన్నా, వరి ఎండుతున్నది."
పైసలొద్దన్న. వినలే.
కొంగుముడి ఇప్పి బల్ల మీద వెట్టి పోయింది.
గసుంటి కరెంటును
ఏ మొఖం పెట్టుకొని మొఖానికి అంటించుకోను?

ఒకనాడు రాత్రి కక్కుడు గూడ సురువైంది.
చంద్రకళ ఏం అడగలే.
తడిబట్టతోని నుదురు తుడిచింది,
సెమటుంటే బిళ్ళ అంటదట.
కనుబొమ్మల మీద, నడుమ సూసి అంటించింది
పెండ్లినాడు బాసింగం సదిరినట్టు.
నాకు నవ్వొచ్చింది. నవ్వితే గూడ నొప్పే.

చక్రం ఒక గీత తిప్పిన. ఏం లేదు.
రెండు. ఒక్క చీమ.
మూడు. చీమల బారు.
నాలుగు. రేకుల మీద తుంపర పడ్డట్టు.
ఐదుకు పండ్లు జిల్లుమన్నయి.
నాలుగు కాడికి ఎన్కకొచ్చి, కండ్లు మూసుకున్న.

ఇరవై నిమిషాలు.
మనిషిని గుంజి కొట్టే జాతే ఇది గూడ,
తొమ్మిది ఓల్టుల బ్యాట్రీల
పిల్లిలెక్క ముడుసుకొని ఉన్నది.

పోయిందా అంటే పోలే.
సుత్తెటోడు కొడ్తనే ఉన్నడు, గని పక్కింట్ల.
నడుమ ఎవరో దర్వాజ ఏసిండ్రు.
కొన్నిరాత్రులు ఆ దర్వాజ పడనే పడదు,
అప్పుడు గోలీ, తువ్వాల, సీకటి, అంతే.

నిన్న నాగమణి మళ్లొచ్చింది, మోటరు బేరింగులకు.
తలకు గుడ్డ బిగ్గ కట్టింది,
కుడికన్ను సగమే తెరిసింది,
వార్నిష్ డబ్బకు దూరంగ నిలవడ్డది.
నాకు ఎవరన్న చెప్పాల్నా?
"ఆస్పత్రికి పోవమ్మా, గిసుంటిది ఒకటున్నది" అని
సొరుగుల నుంచి డబ్బ తీసిన.
రెండు తీగలు బయటికి ఏలాడినయి.

ఆమె డబ్బను సూడలే.
తీగలను సూసింది.
ఒక్క అడుగు ఎన్కకేసింది.

నేను తీగలు సుట్టి లోపలవెట్టి సొరుగు మూసిన.
పోరగాణ్ణి చాయకు తోలిన.
దుకాణంల మెయిను బందువెట్టిన, ఊకెనే.
ఫ్యాను నిమ్మలంగ తిరిగి తిరిగి ఆగేదాక
ఇద్దరం దాన్నే సూసుకుంట కూసున్నం.