ఇతరములు

అర్జీలో జంతువు పేరు అడిగే గడి దగ్గర
చిన్న గీత మిణుకుమిణుకుమంటూ ఆగిపోయింది.
ఆవు ఉంది, ఎనుము ఉంది,
వాటి కింద ఒకటే మాట: ఇతరములు.
అత్తిబెలె సైబర్ సెంటరు కుర్రాడు
"ఏది ఒత్తమంటావక్కా?" అన్నాడు.
వెనక బెంచీ మీంచి మా అత్త పిళ్ళమ్మ
"మేకని రాయరా నాయనా,
రాస్తే చెయ్యి పడిపోతుందా?" అంది.
వాడు ఇతరములు ఒత్తాడు.
మా పదకొండు మేకలూ
ఆ పూట సర్కారు లెక్కలోకి పోయాయి,
పేరు లేకుండా.

ఊళ్ళో మాట వేరే.
"మేక మెడ చన్నులు పిండినట్టే మీ యవ్వారం"
అని దొడ్డెన్న మామ నవ్వాడు.
నిజమే, మా కుండలికి మెడ కింద రెండు వేలాడతాయి,
ఎందుకూ పనికిరానివి.
మేత వేసేటప్పుడు మోచేతికి మెత్తగా తగులుతాయి.
పనికొచ్చేవి వెనక ఉన్నాయని మామకి చెప్పలేదు.
చిన్నప్పుడు ఆయన తాగిందీ అవే.

పదేళ్ళు బొమ్మనహళ్ళి గార్మెంట్సులో కాలర్లు కుట్టాను,
గంటకి అరవై.
షర్టు ఎప్పుడూ చూడలేదు, కాలరే.
కంపెనీ మూసేసి చేతిలో పెట్టిన డబ్బు
ఇదిగో, ఈ గది:
పదడుగులు ఇంటూ ఎనిమిది, తెల్ల టైల్సు,
నీళ్ళు నిలవని వాలు, ఈగ దూరని జాలి.
మేం పడుకునే గోడకి ఇంకా సున్నం లేదు.
పాలు మాత్రం టైల్సులో ఉంటాయి.

ఇన్స్పెక్టరు మేడం వచ్చిన రోజు
నేను మేకపోతు గాంభీర్యంతో నిలబడ్డాను,
చీర కుచ్చిళ్ళ కింద మోకాళ్ళు వణుకుతూ.
అసలు మేకపోతుకి ఆ బాధ లేదు.
తాడు తెంపుకుని వచ్చి, పాలగది గుమ్మంలో నిలబడి
పై పెదవి ఎత్తి
మేడంకి పళ్ళన్నీ చూపించింది.
"దీని వాసన పాలకి పట్టేస్తుంది, దూరంగా కట్టండి"
అంటూ కన్నడంలో ఏదో రాసుకుంది.
తర్వాత అడిగింది: "పిండేదెవరు?"
మా అత్త చెయ్యెత్తింది, బడిపిల్లలాగ.
"ఈమెకి డాక్టరు సర్టిఫికెట్టు ఏదీ?"

ఆరుగురిని ఇంట్లోనే కన్న మనిషి.
ఆసుపత్రి మెట్లు ఎక్కింది మేకల కోసం.
రక్తం తీశారు, గోళ్ళు చూశారు, దగ్గమన్నారు.
చివరికి గోడ మీది పటం చూపించి
గీతలు ఎటు తిరిగాయో చెప్పమంటే
"ఏ గోడ?" అంది.

కళ్ళద్దాలు వచ్చిన మర్నాడు
వడకట్టిన గుడ్డని వెలుతురుకి పట్టి
చాలాసేపు మాట్లాడలేదు.
ఒక వెంట్రుక. ఒక గడ్డిపోచ.
నల్లగా, ఆవగింజలో సగం, ఏదో.
"ఇన్నాళ్ళూ ఇదేనా పోసింది అందరికీ?"
ఆ రోజు పాలన్నీ కుక్కకి పోసింది.
అప్పట్నుంచీ మా ఇంట్లో ఇన్స్పెక్టరు ఆమె.
నా మొగుడు చౌడప్ప చెప్పుల్తో ఆ వాలు తొక్కలేడు.
"కడిగావా? మళ్ళీ కడుగు."
ఒక సాయంత్రం నా మొహం ఎత్తి పట్టుకుని
"ఈ మచ్చ ఎప్పట్నుంచి?" అంది.
పెళ్ళినాటికే ఉందన్నాను.
"మరి నాకు చెప్పలేదే?"

కాగితం వచ్చింది.
నా పేరులో ఒక అక్షరం తప్పు,
పద్నాలుగు అంకెలు మాత్రం ఒప్పు.
చందాపుర అపార్ట్‌మెంటుకి ఏడు సీసాలు పంపితే
రెండు తిరిగొచ్చాయి.
వాటితో టీ కాచాం.
దొడ్డెన్న మామ రెండో గ్లాసు అడిగాడు,
ఏమీ అనలేదు.

మా అత్తకి చదువు రాదు.
సీసా మీది అంకెల వెంట వేలు నడిపించి
"ఇందులో మన కుండలి ఎక్కడుందే?" అంది.
చివరిదన్నాను.
కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, ఆరుని
అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.
"అవునే,
తోకెత్తుకునే ఉంది."