సీసాలో కిటికీ

ఈ సీసా ఇంకా పుట్టలేదు.
ఇందులో పోయాల్సిన విస్కీ
ఎక్కడో ఉత్తరాన, ఓక్ పీపాలో
మరో మూడేళ్ళు నిద్రపోవాలి.
ప్రకటన మాత్రం శుక్రవారానికి కావాలట.

లీత్ రేవు పక్క వీధిలో,
పాత చేపల గోదాము మేడ మీద
నేను గాజు చేస్తాను.
కొలిమి లేదు, ఊదుగొట్టం లేదు.
ఒక్క గీత గీసి ఇరుసు చుట్టూ తిప్పితే
సారె మీద ముంత లేచినట్టు
సీసా లేస్తుంది.

పిన్ని ఫోన్లో అడిగింది, ఏం పనే నీదని.
మందుసీసాలు, అన్నాను.
దగ్గుమందు అనుకుని దీవించింది.
నేను దిద్దలేదు.
తాటిచెట్టు కింద కూచుని
నిజంగా పాలే తాగేదాన్ని,
ఆ దీవెన చాలు నాకు.

మొదట్లో నా సీసాలన్నీ అబద్ధమాడేవి.
గాజు గాజులాగే ఉండేది, మందు మందులాగే ఉండేది,
రెండూ కలిస్తే ప్లాస్టిక్.
డూగల్డ్ రెన్నీ నా వెనక నిలబడి చూసి
"వీటి మధ్య గాలి దూరింది" అన్నాడు.
నిజమే. వెంట్రుకవాసి ఖాళీ.
మందు అంచుని గాజు ఒంట్లోకి కాస్త తోశాను.
భగ్గుమంది.
"అంతే. దానికి ఎడం ఇవ్వకూడదు.
పందొమ్మిదేళ్ళు నేనూ ఇవ్వలేదు."

ముప్పైయేళ్ళు మందుసీసాల్ని ఫోటోలు తీసినవాడు.
సీసా వెనక సీసా ఆకారానికే కత్తిరించిన తెల్లకాగితం,
లోపల దీపం పెట్టినట్టు కనబడాలని.
చెమట బొట్లకి గ్లిజరిన్, సూదిమొనతో, ఒక్కొక్కటే.
పని అయ్యాక మిగిలింది పారబోయడం
ఆయన మతంలో ఉండేది కాదు.
ఇప్పుడు పదకొండేళ్ళుగా టీ,
నాలుగు చెంచాల పంచదారతో.
వారానికి రెండు పూటలు వచ్చి మాకు వెలుతురు నేర్పుతాడు,
తన కూడు తిన్న యంత్రానికి
నమలడం కూడా తనే చూపిస్తూ.

గాజుకి తన రంగంటూ లేదు.
చుట్టూ ఉన్నదే దాని ఒళ్ళు.
చుట్టూ ఏమీ లేకపోతే
ఎన్ని లెక్కలు కట్టినా నల్లగా మొండికేస్తుంది.
ప్రతి సీసాకీ ఒక గది కావాలి,
ఎవరికీ కనబడని గది.

నా దగ్గరొకటి ఉంది.
డూగల్డ్ స్టూడియోని కూల్చే ముందు వారం
మధ్యలో కెమెరా నిలబెట్టి
నాలుగు దిక్కులూ, కప్పూ, నేలా తీసి
గోళంలా కుట్టి దాచుకున్నాను.
ఎత్తైన కిటికీ, ఆరు అద్దాలు,
కింది ఎడమ అద్దానికి అడ్డంగా బీట.
అక్కడిప్పుడు ఫ్లాట్లు.
ఆయనకి చెప్పలేదు. ఏమని చెప్పను?

రాత్రి యంత్రాన్ని ఉడకనిచ్చి ఇంటికెళ్తాను.
మొదట బొమ్మంతా ఇసక.
తెల్లారేసరికి
చిల్లగింజ అరగదీసిన కుండలో నీళ్ళలా తేరుకుంటుంది.
తొమ్మిదింటికి కంపెనీవాళ్ళు:
బొట్లు తగ్గించండి.
బంగారం పెంచండి.
బాధ్యతగా తాగండి అన్న అక్షరాలు
మరీ కళ్ళల్లో పడుతున్నాయి, కొంచెం చూడండి.
చూశాను. చిన్నవి చేశాను.
నేనే.

నవంబరు, వాన, ట్రామ్ స్టాపు.
ఆరడుగుల నా సీసా వీధంతటికీ వెలుగుతోంది.
దాని ముందు డూగల్డ్,
గొడుగు మూసి, తడుస్తూ.

పదకొండేళ్ళు, అనుకున్నాను. నా కాళ్ళు ఉరికాయి.

ఆయన చూపు మందు మీద లేదు.
సీసా భుజం మీద గోరంత తెల్లటి మెరుపు,
దాని మీద వేలు పెట్టి
గళ్ళు లెక్కపెడుతున్నాడు.
ఐదు. ఆరు.
బీట, ప్రతిబింబం కదా, కుడివైపుకి మారింది.
అయినా పట్టుకున్నాడు.

"ఆ అద్దం మార్పించాలని
ఎన్నేళ్ళు అనుకున్నానో" అన్నాడు.

ట్రామ్ వచ్చింది.
తలుపులు తెరిచి, కాసేపు చూసి,
మూసుకుని వెళ్ళిపోయింది.