టార్గెట్ టూరు

పట్నంబజారులో షట్టరెత్తగానే
పురుగుమందు వాసన.
నాలుగు రాత్రులు ఉప్పుగాలి పీల్చిన ముక్కు
ఇంకా ఒప్పుకోవడం లేదు.

టార్గెట్ దాటినందుకు కంపెనీ ఎక్కించిన ఓడ.
పన్నెండో అంతస్తులో ఈతకొలను;
సముద్రం మీద మళ్లీ నీళ్లేమిటని
మా సుగుణ నవ్వింది.
మూడోనాడు గోంగూర సీసా తీసి
బల్లంతా పంచింది.
కర్నూలు డీలరు రెండుసార్లు వచ్చాడు.

గది తాళం కార్డు
గల్లాపెట్టెలో చిల్లర కింద ఉంది.
ఇప్పుడది ఏ తలుపూ తియ్యదు.

ప్రత్తిపాడు నుంచి ఏసోబు వచ్చాడు.
తామర పురుగు మిరపను తినేసిందట,
పాత బాకీ మీదే ఇంకో రెండు లీటర్లు.
"ఓడెక్కారంట గదయ్యా, ఎట్టుంది?"

పెద్దదే, అన్నాను.
కదిలినట్టే తెలీదు.

ఖాతా పుస్తకం తెరిస్తే
అతని పేజీ దగ్గర
కాళ్ల కింద గచ్చు
కొంచెం ఊగింది.