ఇరవై రెండు మెట్లు

బుధవారం వస్తే నా చీపురు గోడకు ఆనుకుంటుంది.
"తెలుగోళ్లొచ్చినారు, రా అక్కా" అని కేకేస్తారు.
జయనగరం సర్కారాసుపత్రిలో
పంతొమ్మిదేండ్లుగా నేల తుడిచేదాన్ని
వారానికొక పూట నాలుకనవుతాను.

డాక్టరు కన్నడంలో అడుగుతాడు,
అమ్మలు తెలుగులో చెప్తారు,
మధ్యన ఇంగ్లీషు కాగితం
ఎవరి మాటా పట్టనట్టు పడుకోనుంటుంది.
దానికి కావాల్సింది ఒక్క అంకె.
నలభైకి అటా, ఇటా.
అటయితే పింఛను, బస్సు పాసు, బడిలో ఒక ఆయా.
ఇటయితే,
మంచి తిండి పెట్టమ్మా, అంతే.

ఈ పొద్దు ఓబులమ్మ వచ్చింది, కదిరి దిక్కు మనిషి.
బొమ్మనహళ్లిలో ఇంకా లేస్తా ఉన్న మేడ కింద కాపురం.
వెంట తొమ్మిదేండ్ల కొడుకు, తిప్పేస్వామి.
వాని కుడికాలు వాని మాట వినదు,
కుడిచెయ్యి కాలి మాటే వింటుంది.

గుండీలు పెట్టుకుంటాడా అని అడిగినాడు డాక్టరు.
"గుండీలు యాడుండాయి సార్, పిన్నీసులే."
ఉన్నదున్నట్టు చెప్పినా.
ఆయన పెన్ను కాసేపు గాల్లోనే నిలబడింది.
పిన్నీసుకు గడి లేదు.

"మెట్టిలు హత్తుత్తానా?"
మెట్లెక్కుతాడా అంటుండారమ్మా, అన్నా.
ఓబులమ్మ నడుము నిటారయింది.
"ఎక్కుతాడు. బాగా ఎక్కుతాడు."

నాకు తెలుసు ఆ గొంతు.
జూన్‌లో హెడ్మాస్టరు బల్ల ముందర నిలబడిన గొంతు అది.
ఎక్కుతాడు సార్, పడడు,
బట్టలు తడుపుకోడు, ఎవురికీ అడ్డం రాడు,
అని ఒట్లు పెట్టి పెట్టి సీటు తెచ్చుకున్నది.
అదే నోటితో ఈ పొద్దు
ఏమీ చాతకాదని చెప్పుకోవాలని
ఆమెకెవరు నేర్పించాల?

పోయినేడు ఒకామె ఇట్లే చెప్పింది, రొమ్ము విరుచుకోని.
పొల్లు పోకుండా కన్నడం చేసినా.
ముప్పై ఎనిమిదేసినారు.
పోతా పోతా నాకు దండం పెట్టింది.
ఆ దండాన్ని యాడా దింపుకోలేక
ఇంకా మోస్తానే ఉండా.

ఎక్కలేడు. ఒక్క మాట.
నాలుక కొస దాకా వచ్చింది అబద్ధం.
మింగేసి, పిల్లోణ్ణే అడిగినా:
నాయనా, ఇక్కడికెట్ల వచ్చినావు?
(క్యాంపు పైన పెట్టినారు.
కింద గదినిండా మందుల పెట్టెలు,
ర్యాంపు మీద స్కూటర్లు.)

"ఇరవై రెండు మెట్లు," అన్నాడు.
"పదకొండో దాని మీద కూర్చున్నా.
అందరూ దాటుకోని పోయినారు.
ఒగాయన ఇది పెట్టిపోయినాడు."
ఎడమ పిడికిలి తెరిచినాడు.
చెమట పట్టిన రెండ్రూపాయల బిళ్ల.

అంతా చెప్పినా కన్నడంలో.
కూర్చున్నదీ, దాటిపోయిందీ, బిళ్లా.
డాక్టరు కుర్రాడే. తల దించుకోని
కాగితంలో లేని ప్రశ్న ఒకటి అడిగినాడు:
నీకేం కావాల?

పింఛనని చెప్పరా, అని వాళ్లమ్మ మోచేత్తో పొడిచింది.
వాడు చానాసేపు ఫ్యాను దిక్కు చూసినాడు.
"నాలుగో తరగతిని కిందికి దించమని చెప్పండి.
ఒంటేలుకని దిగితే
మళ్లీ ఎక్కేలోపల లెక్కలయిపోతాయి.
నాకు లెక్కలే ఇష్టం."

యాడ రాయాలో తెలీలేదు.
గడి గడీ వెతికినారు డాక్టరూ, నర్సమ్మా.
చివరికి కాగితం వెనక్కి తిప్పి
ఖాళీ తెలుపు మీద రాసినాడాయన, మూడు వరసలు.
వెనకపక్క ఎవరైనా చూస్తారా?
నేనడగలేదు.
ముందరపక్క ఎంతేసినాడో కూడా నాకు తెలీదు.
కార్డు పోస్టులో వస్తాదంట.

పొయ్యేటప్పుడు వాడు వెనక్కి దిగినాడు,
కమ్మీ పట్టుకోని, మొగం మా దిక్కే పెట్టి,
ఒక్కొక్కటీ లెక్కబెట్టుకుంటా.
కూర్చున్న మెట్టు కాడ ఆగి
బిళ్లను దాని మీదే పెట్టి పోయినాడు.

సాయంత్రం మళ్లీ చీపురు పట్టినా.
ఇరవై ఒక్క మెట్లు ఊడ్చినా.