తొంభయ్యో రోజు

ముప్ఫయ్యొక్కేళ్లు పసుపు బడిబస్సు తోలాను,
ఉత్తర డకోటా గోధుమ పొలాల మధ్య.
అప్పుడు చూపు నడిమధ్య ఒక మరక పడింది,
ఇస్త్రీపెట్టె మరిచిపోయిన చోట బట్టలా.
అంచులు మిగిలాయి. మనిషి చెవులు కనబడతాయి,
ముఖం కనబడదు.
లైసెన్సు కౌంటరులో అమ్మాయి
నా కార్డు మూల కత్తిరించింది.
ఆ కత్తెర చప్పుడు మాత్రం స్పష్టంగా చూశాను.

ఎనిమిది నెలలు కుక్కను తిట్టుకుంటూ కూర్చున్నాక
డెల్మార్ వాసెక్ వచ్చాడు,
రాష్ట్ర అంధుల సేవా విభాగం నుంచి,
నూట నలభై మైళ్లు, ఒక సంచితో.
"మీ లక్ష్యం ఏమిటి?" అతని గొంతుతో ఫారం అడిగింది.
"నువ్వు వెళ్లిపోవడం" అన్నాను.
రాసుకున్నాడు. నిజంగానే. పెన్ను గీరడం వినబడింది.
"ఇది స్వల్పకాలిక లక్ష్యం. తర్వాతది?"
నవ్వొచ్చేసింది. అందుకు అతన్ని ఇప్పటికీ క్షమించలేదు.

పొయ్యి మరలకు ఉబ్బెత్తు చుక్కలు అంటించాడు,
సన్న సెగకొకటి, ఆపే చోట ఒకటి.
తెల్లకర్ర ఇచ్చాడు. గొడుగుల మధ్య దాన్ని నిలబెట్టి
మూడు వారాలు ముఖపరిచయం లేనట్టే తిరిగాను.
కాగితాలు నత్తలకు నడక నేర్పాయి:
డాక్టరు సంతకం, ఆ సంతకానికి మరో సంతకం,
ప్రణాళిక, సవరించిన ప్రణాళిక.
మాట్లాడే కంప్యూటరు వచ్చేసరికి మంచు మొదలైంది.
వేలంపాటవాడిలా చదివేది అది,
నా ఇంటిపేరును రోజుకో రకంగా ఉతికి ఆరేసేది.

ఉద్యోగమంటే బుట్టలల్లిస్తారేమో అనుకున్నాను.
పాత డిపోకే తీసుకెళ్లాడు.
మేనేజరు గ్లెండా, నేనక్కడ లేనట్టు, అతన్ని అడిగింది:
"ఆమె కాఫీ తాగుతుందా?"
"ఆమెనే అడగండి."
"తాగుతాను. దారులు కూడా తెలుసు" అన్నాను.
రేడియో బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చూద్దాం, అన్నారు.

జనవరిలో ఒక మధ్యాహ్నం
నేలా నింగీ ఒకే పాలగిన్నెలో పడ్డాయి.
"ఆర్లిస్, నాకేమీ కనబడటం లేదు."
ఏడో నంబరు బస్సు, రోలిన్, పదకొండుమంది పిల్లలు.
"నాకూ కనబడదు. ఆపు. కిటికీ దించు. ఏం వినబడుతోంది?"
"ఇనుము మీద ఇనుము. ఎక్కడో గొలుసు కొట్టుకుంటోంది."
"బ్రెక్కెల వాళ్ల గేటు అది. గాలి ఏ చెంపకు?"
"ఎడమ."
"సరైన దారిలోనే ఉన్నావు. కదలకు.
పొగగొట్టం చుట్టూ మంచు తీస్తూ ఉండు.
మంచు తోసే బండిని ఆ గేటుకే పంపుతున్నా."
నలభై నిమిషాలు పట్టింది.
రేడియోలో పిల్లలచేత ఎక్కాలు చెప్పించాను.
పదమూడో ఎక్కంలో నేనే తప్పాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
గ్లెండా కాఫీ పెట్టింది, అడక్కుండా,
చక్కెర మరీ ఎక్కువేసి.

ఇవాళ డెల్మార్ ఫోను.
"ఉద్యోగంలో తొంభై రోజులు నిండాయి.
నిబంధన ప్రకారం మీ ఫైలు మూసేస్తున్నా.
విజయవంతం అని రాస్తున్నా."
కాసేపాగి,
"మీ మొదటి లక్ష్యం కూడా నెరవేరింది" అన్నాడు.

వెంటనే ఏమీ తోచలేదు నాకు.
"పొయ్యి మీద ఒక చుక్క ఊడింది" అన్నాను.

పెన్ను గీరడం వినబడింది.