మూన

మిర్చి యార్డులో పద్దులు రాసేవాణ్ణి.
పొద్దుగూకేదాకా ఎరుపు.
తుమ్ములో ఎరుపు, చొక్కా కాలరులో ఎరుపు,
కళ్ళు నలిపితే రెప్పల వెనకా అదే.
అందుకే కొరిటెపాడు అద్దె వాటాలో
టీవీ ఉండాల్సిన చోట
రెండడుగుల గాజుతొట్టి.
దాని అడుగంతా పచ్చగా పరుచుకోవాలి.
అంతే నా ఆశ.

అరండల్‌పేట షాపులో కప్పు మూడొందలు.
పేరు మాంటే కార్లో. ఆకు ఆవగింజంత.
ఇసుక ఏడుసార్లు కడిగాను.
మునిసిపాలిటీ నీళ్ళు, మందు వాసన పోయేదాకా
రాత్రంతా బకెట్లో నిలవబెట్టాను.
మోచేయి దాకా మునిగి, ఊపిరి బిగబట్టి
పట్టకారుతో ఒక్కో పోచా గుచ్చాను.
తెల్లారేసరికి
అన్నీ పైన తేలుతున్నాయి,
చారులో కొత్తిమీరలా.

మళ్ళీ గుచ్చాను. చేపలు తవ్వాయి.
దారంతో రాయికి కట్టాను. దారం మిగిలింది.
వలగుడ్డ పరిచి అంచుల మీద గులకరాళ్ళు పెట్టాను.
కరెంటు పోయి వచ్చిన కుదుపుకి
ఫిల్టరు సగం మింగింది.
"జడపిన్నులు పెట్టి చూడండి" అంది మా ఆవిడ.
పెట్టాను. తుప్పు పట్టాయి.

ఏప్రిల్లో, టిక్కీల నీడన తాలుకాయలు ఏరుతున్న
రాహేలమ్మకి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు.
కొల్లిపర మనిషి.
శ్రావణంలో ఊడుపులు, మాఘం నుంచి మిరపకాయలు.
"చేనెంత?" అంది.
"రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు."
"కూలోళ్ళెంతమంది?"
"నేనొక్కణ్ణే."
ఆడవాళ్ళంతా నవ్వారు, తుమ్మారు, మళ్ళీ నవ్వారు.

"నిండు నీళ్ళలో నాటు ఎవరన్నా ఏస్తారంటయ్యా?
నీళ్ళు తీసెయ్. పాదం తడిసేంత ఉంటే చాలు.
ఒంటి పోచ నిలవదు, నాలుగు కలిపి కుదురు పెట్టు.
నిలువునా గుచ్చబాక, కాస్త వాల్చు.
వేలు పైకి రాకముందే మన్ను మూసుకోవాల."
బొటనవేలితో గాలిలో ఒక కుదురు నాటి చూపింది.
ఆ వేలు వంగిన తీరు చూస్తే
పట్టకారు చేసినవాడు
ఇంకా చాలా నేర్చుకోవాలి.

ఆ రాత్రే గొట్టంతో నీళ్ళు లాగేశాను.
చేపలు బకెట్లో, నేను తొట్టి మీద వంగి.
నాటు అయ్యాక, అడుగున సాసరు పెట్టి
దాని మీద గ్లాసుతో గ్లాసుతో నీళ్ళు.
ఏదీ లేవలేదు.
కానీ నాలుగో రోజుకి ఆకులు పసుపెక్కాయి,
ఆరో రోజుకి కరిగాయి.
"మూన తిరిగేదాకా ఏడుస్తాయి. ఏడవనీ.
చెయ్యి మాత్రం పెట్టబాక."

మూన.
మా పద్దుల్లో లేని మాట.
మా తాతల నుంచి ఎవరికీ సెంటు చేను లేదు,
ఆ మాట మా ఇంటికి ఎటునుంచి వస్తుంది?

యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చారు.
తొట్టిలో ఐసు బాటిలు తేలేసి
విసనకర్ర పట్టుకుని నేను కాపలా.
ఒక మధ్యాహ్నం, ఆకు చివర
గాలిబుడగ ఒకటి, చెమట బొట్టులా.
పక్కనే ఇసుకని పట్టుకుని పాకుతున్న
తెల్లటి తీగ, దారమంత.
ఆమె వద్దన్న పనే చేశాను.
రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగాను.

అటునుంచి
ఎవరో లాగారు.

మాఘంలో ఫోనులో ఫొటో చూపించాను.
చెయ్యి చీరకి తుడుచుకుని, దూరంగా పట్టుకుని చూసింది.
"బాగా దుబ్బు చేసిందే. కోతెప్పుడు?"
"తినేది కాదు, రాహేలమ్మా."
"తినకపోతే? కొయ్యకుంటే కింద కుళ్ళదూ?"

ఇంటికొచ్చి అంచు ఎత్తి చూశాను.
పైన పచ్చ, కింద పసుపు.
ఇన్నాళ్ళూ పైపైనే చూస్తూ మురిశాను.
కత్తెరెక్కడ? అన్నాను.
"ఏది, జుట్టుదా బట్టలదా?" అంది మా ఆవిడ.

కొడవలి, అన్నాను.